1983 అంటే ఏ 1983? మా వీధి క్విజ్‌లో జరిగిన రచ్చ

వినాయక చవితి పందిట్లో క్విజ్ పెడదామని ఐడియా ఇచ్చింది నేనే, కాబట్టి ఆ తర్వాత జరిగిన రచ్చ కూడా నా నెత్తి మీదే పడింది. తిరుపతిలో కొర్లగుంట దగ్గర మా వీధిలో ఏటా పిల్లలకు పాటల పోటీ, ఆడవాళ్ళకు ముగ్గుల పోటీ ఉంటాయి. మగవాళ్ళు మాత్రం ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చుని, పులిహోరలో ఉప్పు తగ్గిందని తీర్పులు చెబుతుంటారు. ఈసారి వాళ్ళకూ పని చెబుదామని "ఒకే ఏడాది, ఇరవై ప్రశ్నలు" అన్నాను. ఏడాది 1983. ఆటలు, సినిమాలు, పాటలు. కపిల్ దేవ్ ఉన్నాడు, ఖైదీ ఉంది, సాగర సంగమం ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. మూడో ప్రశ్నకే మైకు లాక్కున్నారు.

ఆ ప్రశ్న ఇది: "1983లో ఎనిమిది ఆస్కార్లు గెలిచిన సినిమా ఏది?" జవాబు గాంధీ. ఒక జట్టు చెప్పేసింది, నేను మార్కులు వేశాను. అంతలో అవతలి జట్టు నుంచి మా మామ లేచాడు. "గాంధీ 82 సినిమా అప్పా, దాన్ని 83 క్విజ్‌లో ఎట్లా అడుగుతావ్?" ఆయన చెప్పింది నిజమే, గాంధీ విడుదలైంది 1982 చివర్లోనే. నేను అడిగింది కూడా తప్పు కాదు, ఆస్కార్ వేడుక జరిగింది 1983 ఏప్రిల్లో, గాంధీకి దుస్తులు డిజైన్ చేసిన భాను అథయ్యా చేతికి మన దేశపు మొదటి ఆస్కార్ వచ్చిందీ ఆ రాత్రే. ఇద్దరిదీ రైటే అయినప్పుడు తగాదా ఎట్లా తీర్చాలి?

ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద రాసుకుంటే అసలు చిక్కు కనిపించింది. ఒక సినిమాకో పాటకో ఒక్క తేదీ ఉండదు. తీసిన తేదీ, సెన్సార్ అయిన తేదీ, విడుదలైన తేదీ, అవార్డు ఏ సంవత్సరం లెక్కలో పడింది, ఆ అవార్డు చేతికి ఎప్పుడిచ్చారు, చివరికి మన ఊరికి ఎప్పుడొచ్చింది. ఇన్ని తేదీల్లో ఏదో ఒకటి 83లో పడితే చాలు, ఎవడో ఒకడు దాన్ని 83 ఖాతాలో వేసేస్తాడు, ఇంకొకడు తీసేస్తాడు. ఇంటర్నెట్లో "ఈ ఏడాది విశేషాలు" అని తిరిగే జాబితాల్లో సగం గొడవ ఇక్కడిదే.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది సెన్సార్ తేదీ. జాతీయ సినిమా అవార్డులకు ఒక సంవత్సరం అంటే ఆ జనవరి నుంచి డిసెంబరు లోపు సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన సినిమాలు. థియేటర్లో ఎప్పుడు పడిందన్నది వాళ్ళకు అక్కర్లేదు. అందుకే శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో విడుదలైనా దాని జాతీయ అవార్డులు 1979 లెక్కలో ఉంటాయి. బాలసుబ్రహ్మణ్యం గారికి మొదటి జాతీయ అవార్డు ఎప్పుడు అని అడిగితే 79 అన్నవాడికీ 80 అన్నవాడికీ ఇద్దరికీ ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. ఈ సెన్సార్ కాగితాల మహిమ ఎంతంటే, మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న వచ్చిందని ఏళ్ళ తరబడి పండగ చేసుకున్నాం, తర్వాత సర్టిఫికెట్ తేదీ బయటపడేసరికి అది 1932 ఫిబ్రవరి 6కు జరిగింది. తెలుగు సినిమా పుట్టినరోజే మారిపోయిందంటే మన క్విజ్ ఎంత!

ఇప్పుడు దీన్ని 83కు తగిలించి చూడండి. ఎల్.వి. ప్రసాద్ గారి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు 1982 సంవత్సరానిది, ఇచ్చింది మాత్రం 83లో. 1983 సంవత్సరానికి ఫాల్కే నటి దుర్గా ఖోటేది. కమల్ హాసన్ సంగతి ఇంకా గమ్మత్తు. 83లో సాగర సంగమం వచ్చింది, అందులో ఆయన నటన చూసినవాళ్ళు ఉత్తమ నటుడు జాతీయ అవార్డు దానికే వచ్చి ఉంటుందని గుండె మీద చెయ్యేసుకుని చెబుతారు. మా పందిట్లో ముగ్గురు చెప్పారు కూడా. కాదు. ఆయనకు ఆ అవార్డు వచ్చింది మూండ్రాం పిరైకి, మనం వసంత కోకిలగా చూసిన సినిమాకి, అదీ 1982 లెక్కలో. దాని హిందీ రూపం సద్మా 83లో విడుదలైంది కాబట్టి కమల్, 83, అవార్డు అనే మూడు మాటలూ జనాల బుర్రలో ఒకే మూటలో పడ్డాయి. 1983 లెక్కలో ఉత్తమ నటుడు ఓం పురి, అర్ధ్ సత్యకి.

మరి సాగర సంగమానికి ఏమొచ్చింది అంటే, ఇళయరాజాకు మొదటి జాతీయ అవార్డు, బాలు గారికి గాయకుడిగా మూడోది. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు మాత్రం దానికి రాలేదు, బి. నర్సింగరావు గారి రంగుల కలకి వెళ్ళింది. ఈ ప్రశ్నకు మా వీధిలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. రంగుల కల చూసినవాళ్ళే లేరు.

సాగర సంగమం దగ్గర మన చిత్తూరు వాళ్ళకు ఇంకో పేచీ ఉంది. సరిహద్దు ఊళ్ళ కథ మీకు తెలుసు కదా, ఇంట్లో తెలుగు, సంతలో తమిళం. మా అత్తగారి ఊరు చిత్తూరు అవతల, తమిళనాడు బోర్డరుకు కూతవేటు దూరం. ఆమె ఈ సినిమా చూసింది సలంగై ఒలి పేరుతో. ఇప్పటికీ అది తమిళ సినిమానే అని, మనవాళ్ళు డబ్బింగ్ చేసుకున్నారని వాదిస్తుంది. జరిగింది తలకిందులు. తెలుగులో తీశారు, తమిళంలోకి డబ్ చేశారు. ఆమెకి చెప్పి చూశాను. "నేను చూసినప్పుడు కమల్ హాసన్ అరవంలోనే మాట్లాడినాడు నాయనా" అంది. దాంతో ఇక నా దగ్గర మాటల్లేవు.

పైగా ఊళ్ళకు వచ్చే తేదీ వేరు. ఇప్పుడంటే శుక్రవారం పొద్దున్నే బెనిఫిట్ షో పడగానే పాకాలలోనూ చంద్రగిరిలోనూ అదే సినిమా చూస్తున్నారు. అప్పట్లో ప్రింట్లు లెక్కపెట్టి వేసేవాళ్ళు. పెద్ద సెంటర్లలో ఆడి ఆడి, గీతలు పడి, మధ్యమధ్యలో తెగి అతికిన రీళ్ళు రేకు పెట్టెల్లో బస్సు టాపు మీద చిన్న ఊళ్ళకు చేరేవి. మా నాయన పాకాల వైపు పల్లెలో టూరింగ్ టాకీస్‌లో, ఇసుకలో కూర్చుని ఖైదీ చూశాడు. ఆ ఇసుక ఎంత చల్లగా ఉందో, పోలీస్ స్టేషన్ ఫైటింగ్ మధ్యలో రీలు తెగి ఎన్ని ఈలలు పడ్డాయో చెబుతాడు. ఏ సంవత్సరం నాయనా అంటే "84 సంక్రాంతి దాటినాక" అంటాడు. ఖైదీ విడుదలైంది 1983 అక్టోబరు 28న. ఆయన జ్ఞాపకమూ కరెక్టే, రికార్డూ కరెక్టే, మధ్యలో ఉన్నది రేకు పెట్టె ప్రయాణం.

ఇట్లాంటి తేదీల నిచ్చెన పాప్ మ్యూజిక్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఏ సంవత్సరం? ఆల్బమ్ 1982 నవంబరు. మూన్‌వాక్ అనే వెనక్కి జారే డాన్స్‌ను టీవీలో జనం చూసి నోళ్ళు తెరిచింది 1983 మేలో. థ్రిల్లర్ పాటకు తీసిన దెయ్యాల వీడియో వచ్చింది 1983 డిసెంబరులో. జాక్సన్‌కు ఒకే రాత్రి ఎనిమిది గ్రామీ అవార్డులు పడింది 1984లో, అందులో ఏడు థ్రిల్లర్‌వే. మన దగ్గరికి ఎప్పుడొచ్చిందంటారా? 1985లో, దొంగ సినిమాలో చిరంజీవి థ్రిల్లర్ స్టైల్లో గోలీమార్ అని ఎగిరినప్పుడు. ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నోళ్ళకు క్యాసెట్లు ముందే దొరికి ఉంటాయేమో గానీ, మా వీధి లెక్కలో థ్రిల్లర్ 85 సినిమా పాటే.

హిందీలోకి పోయినవాటిది తిరుగు ప్రయాణం. 83లో హిందీలో దుమ్ము రేపిన హిమ్మత్‌వాలా, శ్రీదేవిని ఉత్తరాదిలో స్టార్‌ని చేసిన సినిమా, మన కృష్ణ గారి ఊరికి మొనగాడు, 1981 సరుకు. రెండిటికీ దర్శకుడు రాఘవేంద్రరావు గారే. అమితాబ్ కూలీ 83లో వచ్చింది, ఆయనకు ఆ ఫైటింగ్‌లో ప్రాణం మీదికి వచ్చిన దెబ్బ తగిలింది మాత్రం 1982 జూలైలో. "83లో కూలీ షూటింగ్‌లో దెబ్బ తగిలి" అని రాసిన పోస్టు నాకు వాట్సాప్‌లోనే నాలుగుసార్లు వచ్చింది.

ఇక ఎన్టీఆర్. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు, కాబట్టి ఆయన సినిమాలు 82తో ఆగిపోయాయని అనుకుంటారు. కానీ చండశాసనుడు 83లోనే వచ్చింది, బ్రహ్మంగారి చరిత్ర సెన్సార్ దగ్గర ఇరుక్కుని 84లో గానీ బయటపడలేదు. మన ఊరికి సంబంధించిన మెలిక ఒకటుంది. "83లో తిరుపతి ఎమ్మెల్యే ఎవరు?" అని అడిగితే రెండు జవాబులుంటాయి. ఆయన గుడివాడలోనూ తిరుపతిలోనూ గెలిచి, గుడివాడ ఉంచుకుని తిరుపతి వదులుకున్నారు, అదే ఏడాది ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టిందీ ఆ ఏడాదే కాబట్టి ఊరు ఆయన్ని క్షమించేసిందని మామ అంటాడు.

సరే, అసలు కథ క్రికెట్. సినిమా తేదీలకైనా ఒక వంక ఉంది, మ్యాచ్‌కి ఏముంటుంది, ఆడిన రోజు ఆడినట్టే కదా అనుకున్నా. ఇందులోనే ఎక్కువ చిక్కులు దొరికాయి.

వెస్టిండీస్‌తో వరల్డ్ కప్ ఫైనల్ 1983 జూన్ 25, శనివారం, లండన్‌లోని లార్డ్స్ మైదానం. ఇంగ్లండ్‌లో ఎండాకాలం గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అక్కడ పొద్దున మొదలైన మ్యాచ్ మనకు మధ్యాహ్నం మూడు దాటాక మొదలైంది, అక్కడ సాయంత్రం ఏడు దాటాక ముగిసేసరికి ఇక్కడ అర్ధరాత్రి. అందుకే ముసలోళ్ళను అడిగితే కొందరు 25 అంటారు, కొందరు 26 అంటారు. ఆరోజు మా నాయన మిద్దె మీద పడుకుని తోలు కవరున్న ట్రాన్సిస్టర్‌లో కామెంటరీ విన్నాడు. బ్యాటరీలు అయిపోవచ్చాయని పొద్దున్నుంచీ వాటిని ఎండలో పెట్టాడంట, ఏరియల్‌కి రాగి తీగ కట్టి దాన్ని బట్టలారేసే దండానికి చుట్టాడంట. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు, హిందీ అసలు కాదు. వికెట్ పడిందని తెలిసేది జనం అరుపును బట్టే. ఎవరి వికెట్టో తెలియడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది, ఆ రెండు నిమిషాల టెన్షన్ ఇప్పుడు ఏ టీవీ ఇవ్వలేదని ఆయన కంప్లైంట్.

ఆ స్కోరు చూసి ఇప్పటి పిల్లలు నమ్మరు. మనం 183కి ఆలౌట్, వాళ్ళు 140కి ఆలౌట్, 43 పరుగుల తేడా. "ఇరవై ఓవర్ల మ్యాచా అన్నా?" అని అడిగాడు మా పక్కింటి పిల్లోడు. అరవై ఓవర్లది నాయనా. తెల్ల బట్టలు, ఎర్ర బంతి, ఒక్కో జట్టుకు 60 ఓవర్లు. మనవాళ్ళు 54.4 ఓవర్లలో చాప చుట్టేశారు, అత్యధిక స్కోరు శ్రీకాంత్ 38. రిచర్డ్స్ 33 కొట్టి మ్యాచ్ లాక్కుపోతుంటే మదన్‌లాల్ బంతికి కపిల్ వెనక్కి పరిగెత్తి పట్టిన క్యాచ్ అందరికీ తెలుసు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కపిల్ అని పందిట్లో సగం మంది అరిచారు. మొహిందర్ అమర్‌నాథ్. 26 పరుగులు, 12 పరుగులిచ్చి 3 వికెట్లు. టోర్నమెంటులో ఎక్కువ వికెట్లు తీసిందెవరంటే అక్కడా కపిల్ అనే అన్నారు. రోజర్ బిన్నీ, 18. హీరో పేరు పెద్దదైతే పక్కవాళ్ళ అంకెలన్నీ ఆయన ఖాతాలోకే జమవుతాయి.

ఇంకో జబ్బు, "నేను టీవీలో చూశాను". మా మామ కళ్ళారా చూసినట్టు వర్ణించేది కపిల్ జింబాబ్వే మీద కొట్టిన 175. 17 పరుగులకే 5 వికెట్లు పడ్డాక ఆ మనిషి నిలబడి, తొమ్మిదో వికెట్‌కి కిర్మానీతో విడిపోకుండా 126 జోడించి, స్కోరును 266కు తెచ్చాడు. మన దేశం తరఫున వన్డేల్లో మొదటి సెంచరీ అదే, అప్పటికి ప్రపంచ రికార్డు కూడా. కానీ ఆ మ్యాచ్‌కి వీడియోనే లేదు. బీబీసీ వాళ్ళు సమ్మెలో ఉన్నారని ఒక కథ బాగా తిరుగుతుంది. అయితే అదే రోజు జూన్ 18న ఇంకో మూడు మ్యాచ్‌లు జరిగాయి, లార్డ్స్‌లో వెస్టిండీస్‌తో ఆస్ట్రేలియా, ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో ఇంగ్లండ్‌తో పాకిస్తాన్. వాటిని వదిలేసి టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే చిన్న ఊళ్ళో ఇండియా, జింబాబ్వే మ్యాచ్‌కి కెమెరాలు ఎవడు పంపిస్తాడు? నాకైతే సమ్మె కన్నా ఈ మాటే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. మామ చూసినట్టు అనుకుంటున్నది 2021లో వచ్చిన 83 సినిమాలో రణ్‌వీర్ సింగ్ కొట్టిన సిక్సర్లు అయి ఉండాలి. ఆ మాట ఆయన ముందు అనలేదు లెండి.

నేను చాలా ముద్దుగా తయారుచేసుకున్న ప్రశ్న ఒకటుంది: "1983లో వన్డేల్లో ఇండియా వెస్టిండీస్‌ను ఎన్నిసార్లు ఓడించింది, ఎన్నిసార్లు ఓడిపోయింది?" వరల్డ్ కప్ ఒక్కటే చూస్తే రెండు గెలుపులు, ఒక ఓటమి. మొదటి లీగ్ మ్యాచ్, ఫైనల్ మనవి, రెండో లీగ్ మ్యాచ్ వాళ్ళది. కానీ ఏడాది జూన్‌లో మొదలవదు కదా. అంతకుముందు వెస్టిండీస్ వెళ్ళినప్పుడు మార్చిలో బెర్బిస్‌లో గవాస్కర్ 90, కపిల్ 72 కొట్టి వాళ్ళ మీద మనకు మొట్టమొదటి వన్డే గెలుపు తెచ్చారు. ఆ సిరీస్‌లో మిగతా రెండూ పోయాయి. ఇక కప్పు పోయిన కసితో వాళ్ళ కెప్టెన్ లాయిడ్ జట్టు అక్టోబరులో మన దేశానికి వచ్చి ఐదు వన్డేలకు ఐదూ, టెస్టుల్లో మూడు పట్టుకుపోయింది. మొత్తం పదకొండు వన్డేలు, మనవి మూడు, వాళ్ళవి ఎనిమిది. 83 అంటే వెస్టిండీస్‌ను చితక్కొట్టిన ఏడాది అనుకుంటాం గానీ, పుస్తకం తెరిచి కూడితే దెబ్బలు తిన్నది మనమే. ఈ జవాబు చెప్పినప్పుడు పందిట్లో ఎవరో "దేశద్రోహి ప్రశ్నలు" అన్నారు, నవ్వుతూనే అన్నారని అనుకుంటున్నా.

ఆ సిరీస్‌లో మనకు మిగిలింది గవాస్కర్. ఢిల్లీలో 29వ టెస్టు సెంచరీతో బ్రాడ్‌మన్ రికార్డును అందుకున్నాడు, డిసెంబరు చివర్లో మద్రాసులో 236 నాటౌట్‌తో దాటేశాడు. సున్నాకే రెండు వికెట్లు పడ్డాక వచ్చి కొట్టిన డబుల్ సెంచరీ అది, అప్పటికి టెస్టుల్లో మనవాళ్ళ అత్యధిక స్కోరు. ఇది మాత్రం మామ నిజంగానే చూశాడు. తిరువళ్ళువర్ బస్సెక్కి మద్రాసు పోయి, చుట్టాలింట్లో పడుకుని, ఒకే ఒక్క రోజు ఆట చూసి వచ్చాడు. టికెట్టు ముక్క ఇప్పటికీ ఎల్‌ఐసీ బాండ్ల ఫైల్లో ఉంది, నాకు చూపించాడు. చెప్పడంలో ఐదు రోజులూ చూసినట్టే ఉంటుంది.

బయటి ఆటల గురించి రెండు మూడు అడిగాను గానీ ఎవరికీ పట్టలేదు. ప్రకాష్ పదుకోన్ ఆ ఏడాది బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కంచు గెలిచాడు, ఆ టోర్నీలో మనకు మొదటి పతకం. ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ పుట్టింది కూడా అప్పుడే, హెల్సింకీలో. బ్రెజిల్ మూడుసార్లు గెలిచి సొంతం చేసుకున్న పాత ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు, జూల్స్ రిమే కప్పు, డిసెంబరులో రియోలో దొంగల పాలై మళ్ళీ దొరకలేదు. దీనికి మాత్రం కొంచెం కదలిక వచ్చింది, కప్పులో బంగారం ఎంత అని అడిగారు.

క్విజ్ చివరికి ఎట్లా తేలిందంటే, గాంధీ ప్రశ్నకు రెండు జట్లకూ మార్కులు వేశాక స్కోరు సమానమైంది. టైబ్రేకర్ కోసం దాచిపెట్టిన ప్రశ్న తీశాను, ఇందులో సంవత్సరం గురించి కొట్టుకోవడానికి సందు లేకుండా జాగ్రత్తగా రాసుకున్నది: "1983 కప్పు గెలిచిన పద్నాలుగు మందిలో సికింద్రాబాద్‌లో పుట్టినవాడు ఎవరు?" రెండు జట్లూ ఒకేసారి "అజహరుద్దీన్" అని అరిచాయి. అజహర్ హైదరాబాద్ మనిషి, పైగా ఇండియాకు ఆడటం మొదలుపెట్టిందే 1984 చివరి రోజు. నేను తల అడ్డంగా ఊపుతుంటే ముగ్గుల పోటీ గెలిచి, స్టీలు క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పదో తరగతి పిల్ల వెనక నుంచి చెయ్యెత్తింది. "సునీల్ వాల్సన్ అంకుల్. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు ఆయన."

ఏ జట్టులోనూ లేని పిల్లకు మార్కులు ఎట్లా వేస్తావని మామ మళ్ళీ లేచాడు.